రెండు అండర్‌స్కోర్ల గెట్ గారికి

అయ్యా,

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో మీరొక మ్యాజిక్ మెథడ్, అంటే ఎవరూ పేరు పెట్టి పిలవకుండానే నడిచే ఫంక్షన్. 2004లో పీహెచ్‌పీ 5తో పాటు వచ్చారు. క్లాసు అనే కోడ్ నమూనాలో లేని ప్రాపర్టీని, అంటే విలువ దాచుకునే పేరుని, ఎవరైనా అడిగితే ఊరుకోరు, లోపల ఏ అర్రేనో డేటాబేస్ వరుసనో వెతికి ఏదో ఒకటి చేతిలో పెడతారు. మీ దానగుణం గొప్పదే. కానీ మీ దగ్గర ఏమేం దొరుకుతాయో తెలిసేదెలా? క్లాసు తెరిస్తే ఖాళీ. ఎడిటర్‌లో ప్రాపర్టీని అడిగే బాణం గుర్తు కొట్టి కూర్చుంటే ఒక్క సూచనా రాదు. బోర్డు లేని కిరాణా కొట్టు వ్యవహారం.

అందుకే మీ గుమాస్తాగిరీ మేం చేస్తున్నాం. క్లాసు నెత్తిన డాక్‌బ్లాక్ అనే వివరణ కామెంట్ పెట్టి, ఎట్ ప్రాపర్టీ అంటూ ఒక్కో వరుసా రాస్తాం: ఈమెయిల్ స్ట్రింగ్ (అక్షరాలు), వయసు ఇంట్ (పూర్ణాంకం), ఫోన్ స్ట్రింగ్ గానీ నల్ (విలువే లేదు) గానీ. చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని వాటికి ప్రాపర్టీ రీడ్. లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో, డేటాబేస్ టేబుళ్ల తరఫున పనిచేసే ఎలోక్వెంట్ మోడల్స్ కొన్ని తెరిస్తే కోడ్ కంటే కామెంటే పొడుగు.

ఇంత రాసినా మీరు దాన్ని చదవరు కదా! నమ్మేది ఎడిటరూ, కోడ్ నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టానూ. పాపం, రాసిందే వేదం వాటికి. టేబుల్‌లో ఫోన్ కాలమ్‌ని మొబైల్‌గా మార్చి కామెంట్ మార్చడం మరిచిపోతే, ఎడిటర్ ఇంకా ఫోన్ అనే చూపిస్తుంది. ఎర్ర గీత పడదు. ఎలోక్వెంట్‌లో మీరేమో, సెట్టింగ్ మార్చి కట్టడి చేస్తే తప్ప, చడీచప్పుడు లేకుండా నల్ ఇచ్చి పంపిస్తారు. కామెంట్లు తనే రాసిపెట్టే ఐడీఈ హెల్పర్ ప్యాకేజీ ఉంది నిజమే, మైగ్రేషన్ (టేబుల్ మార్పు) జరిగినప్పుడల్లా దాన్ని మళ్లీ నడపాలని గుర్తుండాలిగా.

విలువ ఉందో లేదో చెప్పే మీ తమ్ముడు, రెండు అండర్‌స్కోర్ల ఇస్‌సెట్, క్లాసులో లేకపోతే ఇంకో తమాషా. ఖాళీయేనా అని ఎంప్టీతో అడిగితే, విలువ నిక్షేపంలా ఉన్నా ఖాళీ అనే జవాబు. టెన్షన్ మాకు.

2022లో పీహెచ్‌పీ 8.2 వచ్చి, ముందు ప్రకటించని ప్రాపర్టీలను అప్పటికప్పుడు పుట్టించడం డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అంది. మీ పని అయిపోయిందని సంబరపడ్డాం. తీరా చదివితే, మ్యాజిక్ మెథడ్స్‌తో నడిచే వ్యవహారం దాని కిందికి రాదట. పలుకుబడి అంటే మీదే!

2024లో 8.4 ప్రాపర్టీ హుక్స్ తెచ్చింది. పేరూ టైపూ క్లాసులోనే రాసి, పక్కనే గెట్ పెట్టుకోవచ్చు. ఆ గెట్‌కి అండర్‌స్కోర్లూ లేవు, దాపరికమూ లేదు. కానీ మా పాత కోడ్ అంతా మీ పేరు మీదే ఉంది, ఇప్పట్లో వదలరు.

ఈలోగా ఒక్క మనవి. తెలియని పేరు అడిగితే ఎక్సెప్షన్ అనే లోపం కబురు విసరండి, పడతాం. నల్ మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
జీతం లేని మీ డాక్‌బ్లాక్ గుమాస్తా