పెట్రోలు ముల్లుకు కాణిపాకం ప్రమాణం

చిత్తూరు సీమలో అబద్ధానికి ఒక హద్దుంది. పొలం గట్టు తగాదాలోనో, చేబదులు తగాదాలోనో ఎవరైనా మరీ అడ్డంగా మాట్లాడితే పెద్దమనుషులు ఒకటే మాటంటారు: "సరేప్పా, కాణిపాకం పోదాం పద. కోనేట్లో మునిగి ప్రమాణం జెయ్." సగం తగాదాలు బస్సెక్కక ముందే తేలిపోతాయి. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటున్న నేల మీద, పొద్దున లేచింది మొదలు నిర్భయంగా అబద్ధమాడుతూ, ఒక్కనాడూ వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడని జీవి ఒకటుంది. అది ఫ్యామిలీ కారు డ్యాష్‌బోర్డులోని పెట్రోలు ముల్లు. గుడి పార్కింగు దాకా వస్తుంది. లోపలికి మాత్రం రాదు.

దీని మీద ఏ ఇంట్లోనూ ఫిర్యాదు ఉండదు, అదే విచిత్రం. పాలవాడు అర గ్లాసు నీళ్లు కలిపితే వీధిలో నిలబెట్టి అడిగే ఇల్లు, ముల్లు అర ట్యాంకు దొంగలెక్క చెబితే దానికి టీకా తాత్పర్యం రాసుకుంటుంది. సగం చూపిస్తే కాలు, అంటే పావు ట్యాంకు, అని అర్థం. కాలు చూపిస్తే బంకు చూసుకోవాలని అర్థం. అడుగు గీత కిందకి పడిపోతే మాత్రం భయపడక్కర్లేదు, ఇంకా 30 కిలోమీటర్లు పోతుంది. సెకండ్ హ్యాండ్ బండి చేతులు మారేటప్పుడు ఆర్సీ, స్పేర్ తాళంతో పాటు ఈ వ్యాఖ్యానం కూడా కొన్నవాళ్లకు అప్పగిస్తారు. "అన్నా, ఇది ఖాళీ అని చూపించినా రేణిగుంట పోయి రావచ్చు. నిండుగా చూపించిందనుకో, అప్పుడు జాగ్రత్తగా ఉండు."

ముల్లు తరఫున కూడా ఒక మాట చెప్పాలి. పాపం, అది పెట్రోలును ఎన్నడూ కళ్లతో చూసింది లేదు. చాలా కార్లలో అసలు సాక్షి వెనక సీటు కింద, ట్యాంకులో ఉంటాడు. ఒక తేలే ముక్క, దాన్నే ఫ్లోట్ అంటారు. దానికో సన్నటి కడ్డీ. కడ్డీ మొదట్లో రెండు మూడు లోహపు వేళ్లు. ఆ వేళ్లు ఒక సెరామిక్ పలక మీది సన్నటి గీతలను రుద్దుకుంటూ పైకీ కిందకీ కదులుతాయి. పెట్రోలు తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, వేళ్లు జరుగుతాయి, కరెంటుకు అడ్డం మారుతుంది. ఆ మార్పును ఓంలలో కొలుస్తారు. పాత అమెరికా పద్ధతిలో ఖాళీకి 240 ఓంలు, నిండుకు 33. యూరప్ పద్ధతిలో ఇది తలకిందులు, ఖాళీకి 10, నిండుకు 180. అందుకే తీగ తెగితే ఒక బండిలో ముల్లు నేలకు పడుకుంటుంది, ఇంకో బండిలో ఆకాశానికి లేస్తుంది. వెనక సీటు కింద నుంచి వచ్చిన కబురును ముల్లు మోసుకొస్తుందంతే. కోర్టు భాషలో దీన్ని విని చెప్పిన సాక్ష్యం అంటారు, చెల్లదు. మనం మాత్రం దీన్ని నమ్ముకుని పిల్లాజెల్లాతో మొగిలి ఘాటు ఎక్కుతాం.

సాక్షి చెడిపోయేది ఎట్లాగంటే, అందులో మన చెయ్యి కూడా ఉంది. మనది 500 రూపాయల సంస్కృతి. బంకుకు పోయిన ప్రతిసారీ "ఐదొందలకు కొట్టప్పా" అంటాం. అది ఐదు లీటర్లకు కూడా రాదు. ఏడాది పొడుగునా ఫ్లోట్ ట్యాంకు అడుగు పావులోనే ఊగుతుంది, వేళ్లు పలక మీద అదే నాలుగు గీతలను అరగదీస్తాయి. నిండుగా ఉన్నప్పటి గీతలు పెళ్లి పట్టుచీరలాగా మడత నలగకుండా ఉంటాయి. పర్యవసానం: ట్యాంకు నిండా ఉన్నప్పుడు ముల్లు సత్యహరిశ్చంద్రుడు, ఖాళీ అవుతున్నప్పుడే నోరు పడిపోతుంది. పైగా ఇంజనుకు పెట్రోలు తోడే మోటారు కూడా ఆ ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాని వేడి లాగేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ అడుగంటా నడిపితే మోటారు కాలే రోజు ముందుకు జరుగుతుంది. ఐదొందలు ఐదొందలుగా మిగిల్చిందంతా అప్పుడు ఒకే బిల్లులో కట్టేస్తాం.

ఇంకా ఉన్నాయి. ప్లాస్టిక్ ఫ్లోట్‌కు పగులొస్తే లోపలికి పెట్రోలు పోయి మునుగుతుంది, ట్యాంకు నిండా పోయించినా ముల్లు లేవదు. ఎర్త్ వైరు తుప్పు పడితే రోజుకో లెక్క. స్పీడ్ బ్రేకరుకు ట్యాంకు అడుగు తగిలి సొట్ట పడితే లోపల కడ్డీ దానికి కొట్టుకుని ఒకచోట ఆగిపోతుంది. కొందరు మెకానిక్కులు "సర్దినానన్నా" అంటారు. ఆ మాటకు కడ్డీని చేత్తో వంచాడని అర్థం. వంచిన తర్వాత ఖాళీ సరిగ్గా చూపిస్తే నిండు తప్పుతుంది, నిండు కుదిరితే ఖాళీ తప్పుతుంది.

వీటన్నిటికీ సర్వీసు సెంటర్లలో ఒకే మంత్రం ఉంది: "ఈ మోడల్‌కు అంతే సార్, అన్ని బండ్లకూ ఇట్లనే." అన్ని బండ్లకూ ఉంటే అది రోగం కాదు, లక్షణం. మన దేశంలో చాలా సమస్యలు ఈ పద్ధతిలోనే పరిష్కారమయ్యాయి కాబట్టి దీన్ని తప్పుపట్టలేం.

ఐనా మొండివాళ్లు కొందరుంటారు, విచారణ జరపాలంటారు. వాళ్ల కోసం. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యాలి. వెనక సీటు కుషన్ ఎత్తితే గుండ్రటి మూత కనబడుతుంది, దాని కింద కనెక్టరు. అందులో సెండర్ (ఫ్లోట్, కడ్డీ, పలక కలిసిన మన సాక్షి అసలు పేరు అదే) పిన్నులు రెండు ఏవో ఆ బండి సర్వీసు మాన్యువల్లో చూసుకుని, కనెక్టరు విప్పి, మల్టీమీటరును ఓంల మీద పెట్టి అంకె రాసుకోవాలి. ట్యాంకు తెరవక్కర్లేదు. అన్నీ మళ్లీ బిగించి బంకులో 5 లీటర్లు పోయించి ఇంకోసారి కొలవాలి. అంకె ససేమిరా కదలకపోతే ఫ్లోట్ ఇరుక్కుంది, లేదా మునిగింది. అసలు అంకే రాకుండా తీగ తెగినట్టు చూపిస్తే పలక అరిగింది. అంకె బుద్ధిగా మారుతున్నా ముల్లు మారడం లేదంటే సాక్షి మంచివాడే. దారిలో వైరో, ఎర్తో, మీటరు బోర్డో కబురు మింగేస్తున్నాయి.

ట్యాంకు తెరిచే పని మాత్రం ఇంట్లో కుదరదు. బయట గాలిలో, ట్యాంకులో పావుకంటే తక్కువ ఉన్నప్పుడు, ముందు పైపులోని ఒత్తిడి తగ్గించి తెరవాలి. పైన బిగించిన రింగును ఇనప ఉలీ సుత్తీ పెట్టి కొడితే నిప్పురవ్వ లేస్తుంది. మూత కింది రబ్బరు సీలు పెట్రోలులో ఉబ్బిపోతుంది, పాతదాన్నే లోపలికి కుక్కితే సరిగ్గా కూర్చోదు. ఆ తర్వాత కారులో పెట్రోలు వాసన మొదలవుతుంది. దానికి మందుగా డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా ఒకటి వెలుస్తుంది.

ఇక కొండ సంగతి. తిరుపతి వాళ్ల ముల్లుకు ప్రపంచంలో ఇంకే ఊరి ముల్లుకూ లేని పరీక్ష ఉంది. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, 1974 నాటిది. దిగేది మొదటిది, 1944 నాటిది. ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, పెట్రోలు ట్యాంకు వెనక్కి పోతుంది, ఫ్లోట్ ఎటువైపు ఉందన్నదాన్ని బట్టి లెక్క పెరుగుతుంది లేదా పడిపోతుంది. ఇది ముల్లు తప్పు కాదు, నీళ్ల చెంబు వంచి చూసినా అంతే. కొత్త బండ్లలో ఇంకెంత దూరం పోతుందో అంకెల్లో చెప్పే వసతి కూడా ఉంది. అది గడిచిన కొన్ని కిలోమీటర్ల ఖర్చును బట్టి వేసే జోస్యం. అలిపిరి దగ్గర 420 అన్న బండి సెకండ్ గేరులో మూలుగుతూ పైకి చేరేసరికి 260 అంటుంది. దిగేటప్పుడు గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజను పెట్రోలు తాగడమే మానేస్తుంది కాబట్టి, కిందికొచ్చేసరికి అంకె మళ్లీ 400 దాటుతుంది. కొండ దిగి వస్తే పుణ్యం వస్తుందని విన్నాం. పెట్రోలు కూడా వస్తుందని కారు సాక్ష్యమిస్తోంది.

ఇక్కడే ఒక మహాజ్ఞాని ఉంటాడు. దిగుడులో న్యూట్రల్ చేసేస్తాడు, ఇంకా ముదిరితే ఇంజనే ఆపేస్తాడు, ఆదా అని. న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా తిరగాలంటే పెట్రోలు తాగాల్సిందే. గేరులో దిగితే అదీ అక్కర్లేదు. కాబట్టి ఆదా సున్నా, పైగా ఇంజను పట్టు పోతుంది. ఇంజను ఆపిన జ్ఞానికైతే బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల దాకానే మెత్తగా ఉంటుంది. బ్రేకుకు బలమిచ్చే బూస్టరులోని వ్యాక్యూమ్ అయిపోయాక పెడల్ రోకలిబండ. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. తాళంచెవి లాగేస్తే చాలా బండ్లలో స్టీరింగే లాకవుతుంది. ముల్లు మోసంతో పెట్రోలు అయిపోయినా మలుపులో జరిగేది ఇదే, జ్ఞానికీ అజ్ఞానికీ తేడా లేదు. అప్పుడు బ్రేకును పదిసార్లు తొక్కకూడదు, ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. తాళం ఆన్‌లోనే ఉండాలి. గేరు తియ్యకపోతే చక్రాలే ఇంజనును తిప్పి కాస్త వ్యాక్యూమ్ పుట్టిస్తాయి. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద రాయి పెట్టాలి. డీజిల్ బండి ఐతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది, డీజిల్ పోసినంత మాత్రాన లేవదు, గాలి తీసేదాకా మొరాయిస్తుంది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ అరగదీస్తే హై ప్రెషర్ పంపుకు ముప్పు, దానికి డీజిలే నూనె.

"రెడ్ లైట్ ఉండాదిలే, అదే చెప్తాది" అనే ధైర్యం ఒకటుంది. పాత బండ్లు కొన్నిటిలో ఆ లైటుకు వేరే సెన్సరు ఉండేది. ఇప్పుడు చాలావాటిలో ఆ లైటు వెలిగేది కూడా అదే ఫ్లోట్ మాట విని. ఫ్లోట్ సగం దగ్గర ఇరుక్కుంటే ముల్లు సగం అంటుంది, లైటు మౌనంగా దాన్ని బలపరుస్తుంది. ఒకే దొంగ సాక్షి, రెండు సంతకాలు.

బైకుల్లో ఒకప్పుడు ఈ బాధ లేదు. ట్యాంకు కింద చిన్న ట్యాప్, లోపల రెండు గొట్టాలు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పెట్రోలు పొడుగు గొట్టం మూతి కిందకు దిగితే బండి దగ్గుతుంది. చెయ్యి కిందకు పెట్టి ట్యాప్ తిప్పితే రిజర్వు. దానికి ఓంలు తెలియవు, ఎర్తు తెలియదు, అబద్ధమూ తెలియదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ నిబంధన వచ్చి చాలా బైకులకు ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టాక వాటిలో ఆ ట్యాప్ కూడా పోయింది. ఇప్పుడు మీటరులో ఒక గడి మిణుకుతుంది. ట్యాంకును అటూ ఇటూ ఊపి చెవి పెట్టి వినే విద్య ఒక్కటే తాత ముత్తాతల ఆస్తిగా మిగిలింది. లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడిన ప్రతిసారీ ఈ విద్యా ప్రదర్శన ఉచితంగా చూడొచ్చు.

ఇన్ని చేసిన ముల్లును వదిలేసి మనం నిలదీసేది ఎవరినయ్యా అంటే బంకు కుర్రాణ్ని. "నాది 35 లీటర్ల ట్యాంకు, 37 ఎట్లా కొట్నావ్?" కంపెనీ రాసిన 35లో మూతి గొట్టం, పైన ఆవిరికి వదిలిన ఖాళీ లెక్కలోకి రావు. నాజిల్ టక్కుమని ఆగాక "రౌండ్ ఫిగర్ చేసెయ్" అని ఇంకో రెండు లీటర్లు కుక్కించింది కూడా మనమే. ఆ అదనం ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పొర్లి దాన్ని పాడుచేస్తుంది. నిజంగా అనుమానముంటే ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, అడిగి పోయించుకుని చూడొచ్చు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను చట్టం ఒప్పుకుంటుంది. ఆ పాత్రను అడిగేవాళ్లు అరుదు. కొలిస్తే తగాదా చచ్చిపోతుంది కదా.

డ్యాష్‌బోర్డులో ముల్లు పక్కనే నిజాయితీపరుడు ఒకడు కూర్చుని ఉంటాడు, ట్రిప్ మీటరు. ఫుల్ ట్యాంకు పోయించి, నాజిల్ మొదటిసారి ఆగినచోటే ఆపి, దాన్ని సున్నా చెయ్యాలి. మళ్లీ అట్లాగే నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ. అది 15 వచ్చింది, ట్యాంకు 35 అనుకుందాం. 10 లీటర్లు ముట్టుకోకుండా పక్కన పెట్టి, మిగిలిన 25కు 375. ట్రిప్ మీటరు 375 దాటితే బంకుకు పోవాలి, ముల్లు ఏం కూసినా సరే. కొండెక్కిన వారం ఇంకో 50 తగ్గించుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇంతకీ విచారణ జరిపిన మొండివాళ్ల ఇళ్లలో ఏమైందో చూద్దాం. కొత్త సెండరు పడింది, కొత్త సీలు పడింది, ఎర్త్ తుడిచి బిగించారు. ముల్లు మొదటిసారి నిజం చెప్పడం మొదలుపెట్టింది. కుటుంబమంతా కాణిపాకం బయల్దేరింది. చంద్రగిరి దాటారు.

"నాయనా, సగం చూపిస్తా ఉండాది."

"సగమా? అయితే కాలే. ముందు బంకులో ఆపు."

"కొత్తది వేసినారు కద నాయనా, ఇప్పుడు కరెక్టుగా చూపిస్తాదంట."

"ఎవురు చెప్పినారు?"

"ముల్లే."

"ఆపు."