గోడల లోపలే మానసిక వైద్యం

మానసిక వైద్యాన్ని ప్రజల ముంగిటికి తెస్తామని ప్రభుత్వాలు మాటిచ్చాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సభలో సభ్య దేశాలన్నీ ఆమోదించిన కార్యాచరణ ప్రణాళికలో ఆ మాట స్పష్టంగా ఉంది. 2020 కల్లా కావాల్సిన పని కాలేదు. గడువు 2030కి జరిపారు. ఈలోగా డబ్బు ఎటు పోయిందో చూస్తే కడుపు మండుతోంది. మానసిక ఆరోగ్యంపై ప్రభుత్వాలు పెట్టే ఖర్చులో మూడింట రెండు వంతులు విడిగా కట్టిన మానసిక వైద్యశాలలకే పోతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక తేల్చింది. ఆరోగ్య బడ్జెట్లలో మానసిక ఆరోగ్యానికి దక్కేదే సగటున 2 శాతం లోపు. అందులోనూ సింహభాగం ప్రహరీగోడల లోపలికి పోతే బయట ఉన్నవాళ్లకి మిగిలేదెంత?

డబ్బు ఎక్కడుంటే డాక్టరూ అక్కడే ఉంటాడు. రోగి మాత్రం అక్కడ ఉండడు.

అర్ధరాత్రి దాటాక ప్రాణం తీసుకోబోయిన ఒక కుర్రాణ్ణి క్యాజువాలిటీకి తెస్తారు. డ్యూటీ డాక్టర్లు కిందామీదా పడి బతికిస్తారు. రెండో రోజుకి బీపీ, పల్స్ బాగున్నాయని రాసి, డిశ్చార్జి చీటీ అడుగున ఒక్క లైను చేరుస్తారు: సైకియాట్రీ ఓపీలో చూపించుకోవాలి. ఆ ఓపీ ఎక్కడో దూరాన ఉంటుంది. ఆ చీటీ చేత్తో పట్టుకుని నిలబడ్డ తల్లికి, పిల్లాణ్ణి అక్కడికి ఏమని చెప్పి తీసుకెళ్లాలో చెప్పే మనిషి ఆ వార్డులో ఉండడు. మళ్లీ అదే ప్రయత్నం చేసే ముప్పు ఆ తర్వాతి కొద్ది వారాల్లోనే ఎక్కువని సైకియాట్రీ చదివిన ప్రతి డాక్టరుకీ తెలుసు. తెలిసిన ఆ డాక్టరు ఆ రాత్రి ఆ మంచం పక్కన ఎందుకు లేడు?

జైళ్లలోనూ ఇదే తంతు. డీ-అడిక్షన్ సెంటర్లు, వృద్ధాశ్రమాలు, స్కూళ్లు, కాన్పు వార్డులు, ఇవన్నీ సైకియాట్రిస్టు పనిచేయాల్సిన చోట్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మామూలు డాక్టరుకి డిప్రెషన్‌ని గుర్తుపట్టడం నేర్పి, కష్టమైన కేసుల్లో ఫోన్లో సలహా ఇవ్వడం కూడా సైకియాట్రిస్టు ఉద్యోగమే. ఆ పోస్టు ఎన్ని చోట్ల ఉంది?

సైకియాట్రిస్టులే తక్కువ, ఉన్నవాళ్లని చెల్లాచెదురు చేస్తే తీవ్రంగా జబ్బుపడి పడక కావాల్సిన రోగులకు అన్యాయం జరుగుతుందని కొందరు అంటున్నారు. పడకలు కావాల్సిందే. వాటిని జనరల్ ఆసుపత్రుల్లోనే పెట్టొచ్చు. కొరత ఉంది కాబట్టే ఉన్న కొద్దిమందినీ ఒకే గేటు వెనక కూర్చోబెట్టకూడదని మేమంటున్నాం.

ఇది జరగని పనేమీ కాదు. సైకియాట్రిస్టు ఫ్రాంకో బజాలియా నడిపిన ఉద్యమంతో ఇటలీ 1978లో పిచ్చాసుపత్రులను క్రమంగా మూసేసే 180వ నంబరు చట్టం తెచ్చింది. అక్కడి ట్రియెస్టే నగరం పాత పిచ్చాసుపత్రి స్థానంలో పేటల్లో రాత్రింబవళ్లు తెరిచి ఉండే సెంటర్లు పెట్టింది. మాటిచ్చి తప్పితే ఏమవుతుందో అమెరికా చూపించింది. 1963లో కెన్నెడీ సంతకం చేసిన చట్టం ఊరూరా సెంటర్లు వస్తాయని చెప్పింది. పెద్దాసుపత్రులు ఖాళీ అయ్యాయి గానీ అనుకున్నన్ని సెంటర్లు రాలేదు. ఎందరో రోగులు వీధుల పాలు, జైళ్ల పాలు అయ్యారు. కాబట్టి గోడలు పగలగొడితే చాలని మేం అనడం లేదు. ముందు బయట పోస్టులు పెట్టండి, జీతాలివ్వండి, డాక్టర్లని పంపండి.

2030 ఎంతో దూరం లేదు. ఏటా ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబర్ 10న మైకు ముందుకొచ్చే ఆరోగ్య మంత్రులు ఈసారి ప్రసంగం పక్కనపెట్టి లెక్క చెప్పాలి. మీ దగ్గర జీతం తీసుకుంటున్న సైకియాట్రిస్టుల్లో ఎందరు క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలో ఉన్నారు? ఎందరు జైలుకి వెళ్తున్నారు? ఆరోగ్య కేంద్రం గుమ్మం తొక్కినవాళ్లు ఎందరు? ఆ లెక్క లేకపోతే 'ప్రజల ముంగిటికి' అన్న మాట మీ నోట రాకూడదు.