స్పా లేని ఏడాదిలో అసలు నష్టం సూపర్‌కప్‌కి

2028లో, 2030లో ఫార్ములా వన్ (ఎఫ్1) బెల్జియం గ్రాండ్ ప్రీ ఉండదు. ఒప్పందం 2031 దాకా ఉన్నా అందులో ఆ రేసు జరిగే స్పా ట్రాక్‌కి దక్కినవి 2026, 2027, 2029, 2031 మాత్రమే. దీని మీద ఎఫ్1 అభిమానుల కోపం అందరూ చూశారు, ఆ కథ మళ్లీ చెప్పను. ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది. ఆదివారం పెద్ద రేసుకి ముందు, మనలో చాలామంది ఇంకా టీవీ పెట్టని టైంలో, అదే ట్రాక్ మీద ఓ అరగంట రేసు జరుగుతుంది. పోర్షే సూపర్‌కప్. 1993 నుంచి నడుస్తున్న ఈ సిరీస్ యూరప్‌లో ఎఫ్1 వెళ్లే చాలా చోట్లకి దాని వెంటే వెళ్తుంది. అంటే ఆ రెండేళ్లూ దానికీ స్పా లేనట్టే.

నన్నడిగితే ఈ నిర్ణయంలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. ఎందుకంటే ఆ వారాంతంలో డ్రైవర్ సత్తా ఎంతో సూటిగా తేల్చేది సూపర్‌కప్ రేసు, ఎఫ్1 కాదు.

కారు సంగతి చూడండి. అందరికీ ఒకటే, పోర్షే 911 రేసు కారు. 2021 నుంచి 2025 దాకా నడిచిన 911 జీటీ3 కప్‌నే తీసుకుంటే నాలుగు లీటర్ల ఇంజిన్, 510 హార్స్‌పవర్, అందరికీ అవే మిషెలిన్ టైర్లు. బ్రేక్ తొక్కితే చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు, వేగం పెంచితే చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, వెనకనుంచి వచ్చేవాడికి సాయం చేసేందుకు ఎఫ్1లో 2025 దాకా ఉన్న డీఆర్ఎస్ బటన్ కూడా లేదు. టీముల సెటప్‌లో కొంత తేడా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఎఫ్1లో గెలిచింది కారా, డ్రైవరా అని వారమంతా వాదించుకున్నా తేలదు. ఇక్కడ పదో స్థానంలో వచ్చినవాడికి కారు మీద తోసేసే అవకాశం దాదాపు ఉండదు.

ఇప్పుడు ఆ కారుని స్పాలో పెట్టండి. లా సోర్స్ అనే హెయిర్‌పిన్ మలుపు తిరిగి కిందికి దిగుతారు, పల్లంలో ఓ రూజ్ దగ్గర ఎడమకి, వెంటనే గోడలా లేచే ఎత్తు మీద కుడికి, పైన రేడియోన్ కొసన మళ్లీ ఎడమకి. ఎక్కుతున్నప్పుడు అవతల రోడ్డు కనపడదు. పల్లంలో కారు నేలకి అదుముకుపోతుంది, పైకి రాగానే తేలికైపోతుంది. ఈ కారుకేమో ఇంజిన్ వెనక చక్రాలకి కూడా వెనక ఉంటుంది. భయమేసి మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, బరువు ముందుకొస్తుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది, ఆ ఇంజిన్ బరువే కారు వెనక భాగాన్ని బయటికి ఈడ్చేస్తుంది. ప్రమాదం అనిపించగానే కాలు దానంతటదే వెనక్కి రావడం ఎవరికైనా సహజం, ఇక్కడ కొంప ముంచేది సరిగ్గా అదే. ఎంత వేగంతో వెళ్లాలో కిందనే నిర్ణయించుకోవాలి, పైకెక్కాక మనసు మార్చుకునే వీల్లేదు.

అక్కడ కొంచెం జంకినా ఆ బాకీ అక్కడితో తీరదు. ముందు కెమెల్ స్ట్రెయిట్ ఉంది, ఎగువకి సాగే పొడవాటి రోడ్డు. రేడియోన్‌లో పోయిన వేగం ఆ దారంతా తక్కువే ఉంటుంది, వెనకవాడు మీ స్లిప్‌స్ట్రీమ్‌లో, అంటే మీ కారు వెనక గాలి అడ్డు తగ్గే చోట దూరి, లే కోంబ్ మలుపు దగ్గరికొచ్చేసరికి పక్కకొచ్చేస్తాడు. అక్కడ బ్రేక్. ఆ కారులో ఏబీఎస్ లేదు కాబట్టి ఒక్క పిసరు గట్టిగా తొక్కితే ముందు చక్రం లాక్ అయి పొగ లేస్తుంది, టైరు ఒకచోట అరిగి చదునైపోతుంది. టైర్లు మార్చే స్టాప్ ఉండదు, మిగతా రేసంతా స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. ఒక తప్పు ఆఖరి ల్యాప్ దాకా వెంటాడే రేసు ఇది. దీనికి తోడు ఏడు కిలోమీటర్ల చుట్టు, దాదాపు వంద మీటర్ల ఎత్తుపల్లాలు, ఆర్డెన్ అడవుల వాతావరణం. పిట్స్ దగ్గర ఎండ కాస్తుంటే అవతల స్టావెలో మలుపు వైపు వాన పడుతుంటుంది.

ఇలాంటి చోట రాటుదేలినవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో చూడండి. 2014లో సూపర్‌కప్ గెలిచిన ఎర్ల్ బాంబర్, మరుసటేడు జూన్‌లోనే నికో హుల్కెన్‌బర్గ్, నిక్ టాండీలతో కలిసి లె మాన్స్ 24 గంటల రేసు మొత్తంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. 2010 నుంచి వరసగా మూడుసార్లు సూపర్‌కప్ ఛాంపియనైన రెనే రాస్ట్ తర్వాత జర్మనీ కార్ల రేసు సిరీస్ డీటీఎం టైటిల్ కూడా మూడుసార్లు పట్టుకెళ్లాడు.

ఇది కంపెనీ ప్రచారం, డబ్బున్నవాళ్ల ఆట అంటారు. ప్రచారమే, ఖర్చూ ఎక్కువే. కానీ మోటార్ రేసింగ్‌లో చౌకగా అయ్యేది ఏదుంది? స్పా ప్రమాదకరం అన్న మాట మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. 2019లో ఆంత్వాన్ ఉబేర్, 2023లో పద్దెనిమిదేళ్ల డిలానో వాంట్ హోఫ్, ఇద్దరూ రేడియోన్ నుంచి కెమెల్‌కి వెళ్లే ఆ భాగంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2022లో అక్కడ రనాఫ్ (అదుపు తప్పిన కారు ఆగడానికి ట్రాక్ పక్కన వదిలే ఖాళీ స్థలం) పెంచారు, గ్రావెల్ వేశారు. ఇంకా చెయ్యాలి, ముందు కారు కనపడనంత నీటి తుంపర లేచే వానలో రేసు నడపకూడదు. అయితే స్పాని తగ్గించింది ప్రమాదం వల్ల కాదు. అదే కారణమైతే 2027లో, 2029లో మాత్రం ఎందుకు నడుపుతున్నారు?

కారణం డబ్బు. మయామి, లాస్ వేగాస్, ఇప్పుడు మాడ్రిడ్. నగరాలు కోట్లు పట్టుకుని క్యూలో నిలబడ్డాయి. 1921 నుంచి రేసులు చూసిన ఈ ట్రాక్ వాటితో పోటీపడి వేలంపాట పాడే స్థితిలో లేదు. కనీసం సూపర్‌కప్ అయినా ఆ రెండేళ్లు ఎఫ్1 తోక వదిలేసి, ఏటా అక్కడే జరిగే స్పా 24 గంటల రేసు వారంలో ఒక రౌండ్ పెట్టుకోవాలి.

నగరం రేసు ఏం మిగులుస్తుందో మనకి చెప్పక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మరుసటేడు రేసు రద్దయింది. ఇప్పుడు దాని పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి కేసులూ, టీవీ డిబేట్లూ. అదే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో మొదలెట్టిన ట్రాక్ ఇప్పటికీ రేసులు నడుపుతూనే ఉంది. ఎఫ్1 దాకా వెళ్లిన మన దేశపు డ్రైవర్లు ఇద్దరే, నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చందోక్. ఒకరిది కోయంబత్తూరు, ఇంకొకరిది చెన్నై. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను. ఏడాది పొడవునా అందుబాటులో ఉండే ట్రాక్, దాన్ని బతికించుకునే క్లబ్బు ఉన్నచోటే డ్రైవర్లు పుడతారు.

2010లో ఫోక్స్‌వాగన్ ఇక్కడ పోలో కప్ మొదలెట్టి, అందరికీ ఒకే కారు ఇచ్చే పోటీ మన దేశంలోనూ నడుస్తుందని చూపించింది. హైదరాబాద్‌కో, అమరావతికో మళ్లీ పెద్ద రేసు తెస్తామని ఏ ప్రభుత్వం ప్రకటించినా నేను అడిగేది ఒకటే. ఒక్క వారాంతానికి పెట్టే ఆ డబ్బుతో ఊరి బయట ఎత్తుపల్లాలున్న నేల చూసి శాశ్వతమైన ట్రాక్ వేయండి, ఇరవై ఒకే రకం చిన్న కార్లు కొనండి, వరంగల్ కుర్రాడికీ ఒంగోలు అమ్మాయికీ తాళాలివ్వండి.