నోటు రాసుకుంటే స్నేహం చెడుతుందా?

“ప్రాణస్నేహితుల మధ్య కాగితాలు ఉండకూడదు, నోటు రాయించుకునేవాడు, జామీను సంతకానికి ముందు వివరాలు అడిగేవాడు స్నేహితుడే కాడు.” ఈ మాట కొంతకాలంగా వాట్సాప్‌లో చాలామంది పంచుకుంటున్నారు. వినడానికి ఉదాత్తంగానే ఉన్నా, ఇందులోని వాదాలు స్నేహానికి చేటు చేసేవని నా దృఢమైన అభిప్రాయం.

నోటు అడగడం అపనమ్మకానికి గుర్తు అన్నది మొదటి వాదం. ఇద్దరూ నిజాయితీపరులే అయినా, చేబదులు ఇచ్చిన కొన్నేళ్ల తరువాత వడ్డీ అనుకున్నారో లేదో, మధ్యలో ఎంత ముట్టిందో ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు. ద్రోణుడూ ద్రుపదుడూ కలిసి చదువుకున్న స్నేహితులు. తన రాజ్యాన్ని ఇద్దరమూ అనుభవిద్దామని ద్రుపదుడు చిన్నప్పుడు అన్న మాటను నమ్ముకుని ద్రోణుడు వెళితే, అటువంటి ఒప్పందమేదీ తనకు తెలియదని ద్రుపదుడు అన్నాడు. అతడిలో రాజునన్న అహంకారం ఉన్నమాట నిజమే. అయినా ఒకరికి జీవితాంతం గుర్తున్న మాట మరొకరికి లేకుండా పోవడం మన ఇళ్లలోనూ జరిగేదే. అక్కడ పుట్టిన పగ ద్రుపదుడి పాంచాల రాజ్యాన్ని రెండుగా చీల్చి, చివరకు అతడి కొడుకు ధృష్టద్యుమ్నుడి చేతిలో ద్రోణుడి మరణానికి దారితీసింది.

పైగా నోటు అప్పు తీసుకున్నవాడికి కూడా రక్షణే, ఎందుకంటే కట్టిన ప్రతిసారీ దాని వెనుక చెల్లు రాయించుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు హఠాత్తుగా కన్నుమూస్తే, ఏమీ తెలియని రెండు కుటుంబాలకు మిగిలే ఆధారం ఆ కాగితమే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇటువంటి అప్పుకు సాధారణంగా 3 ఏళ్లలోపే దావా వేయాలి గనుక, మొహమాటంతో ఊరుకున్నవారు సొమ్ముతోపాటు దాన్ని అడిగే దారినీ పోగొట్టుకుంటారు.

జామీను సంతకం కేవలం లాంఛనమన్నది రెండవ వాదం. ఇది పూర్తిగా తప్పు. ఒప్పందంలో వేరే షరతు లేనంతవరకు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు అతడినే అడిగి, అక్కడ రాకపోతేనే మన దగ్గరకు రావాలన్న నియమం అప్పు ఇచ్చినవారికి లేదు. కట్టిన సొమ్మును అతడి నుంచి రాబట్టుకునే హక్కు మనకు ఉంటుంది కానీ, అతడి చేతిలో ఏమీ లేనప్పుడు ఆ హక్కు అక్కరకు రాదు.

వివరాలు అడిగితే అవమానించినట్లే అన్నది మూడవ వాదం. మా నాన్నగారు తన ఆప్తమిత్రుడు పాడుకున్న చిట్టీకి ఒక్క ప్రశ్న అడగకుండా జామీను ఉన్నారు. అప్పటికే ఆ మిత్రుడి ఉద్యోగం పోయి నెలలు గడిచాయి. ఆ సంగతి చెబితే ఎక్కడ చులకన అవుతానో అని ఆయన దాచారు, అడిగితే ఎక్కడ నొచ్చుకుంటారో అని నాన్నగారు అడగలేదు. నోటీసు వచ్చాక మిగిలిన వాయిదాలన్నీ నాన్నగారే కట్టారు. ఆ సొమ్ము గురించి ఆయన ఎన్నడూ బాధపడగా నేను చూడలేదు. “ఉద్యోగం పోయిన రోజునే నాతో ఎందుకు చెప్పలేదు?” అన్న ప్రశ్న మాత్రం ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.