తాతమ్మ వేలిముద్ర

వంశవృక్షాల్లో ఆడవాళ్ల పేర్లుండవంటారు, నూటికి నూరు పాళ్లు నిజం. 1951-52 ఎన్నికలప్పుడు ‘ఫలానావారి భార్య’ అనే తప్ప సొంత పేరు చెప్పలేదని దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను ఓటర్ల జాబితాలోంచి తీసేశారు.

కానీ పొలం కాగితాలు చూడండి. గుంటూరులో మా ఇంట్లో ఇనప్పెట్టె సర్దుతుంటే మా తాతమ్మకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద అరెకరం రాసిచ్చిన దస్తావేజు దొరికింది. పేరు, వయసు, నాలుగు హద్దులూ ఉన్నాయి. దానితోపాటే, 1957లో ఆ పొలం అమ్మిన కాగితం. కింద ఎడమ బొటనవేలి ముద్ర. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ అరిగిన వేలేమో, గీతలే సరిగా లేవు. ఎందుకమ్మిందో కూడా రాశారు: ‘కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తం.’

ఆ కుమార్తె మా అమ్మమ్మే. ఆవిడకి ఇన్నాళ్లూ ఈ సంగతి తెలీదు!

ఇలాంటి పాత కాగితాలు వెతికేవాళ్లకి ఒక్క మాట. ఇప్పటి గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. 1859 నుంచి అప్పటిదాకా కాగితాలు చాలావరకు కృష్ణా జిల్లా పేరు మీద ఉంటాయి, అక్కడ చూడండి.

అమ్మమ్మ ఆ ‘వివాహ ఖర్చుల’ వాక్యం నాచేత మూడుసార్లు చదివించుకుంది. కాగితం ఇప్పుడు ఆవిడ దిండు కిందే ఉంది.