అప్పు చేసి మ్యాక్‌బుక్ కొనాల్సిన పనిలేదు

ఇంజనీరింగ్ అడ్మిషన్ల రోజులొస్తే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మాట తిరగడం మొదలవుతుంది. ‘ఏ బ్రాంచి అయినా సరే, అప్పు చేసైనా పిల్లలకు మ్యాక్‌బుక్ కొనివ్వండి. లైనక్స్ ఉచితం కాబట్టి నాసిరకం. ఎవరైనా వేలు పెట్టొచ్చు కాబట్టి భద్రత లేదు. తెలుగు కూడా సరిగా రాదు. మ్యాక్ అయితే పదేళ్ళు దిగులుండదు’ అని. లైనక్స్ అంటే విండోస్, మ్యాక్‌ఓఎస్‌ల్లాగే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఆ మాటలు నమ్మి ఈఎంఐలకు సిద్ధపడుతున్న తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు. మ్యాక్ మంచి యంత్రమే. బ్యాటరీకి, స్క్రీన్‌కి, టచ్‌ప్యాడ్‌కి వంక పెట్టలేం. ఈ వాదనలు మాత్రం నిలబడవు.

ముందు ఆ ‘నాసిరకం’ సంగతి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన వాటి టాప్ 500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. అంతెందుకు, మ్యాక్ లోపలే చూడండి. సఫారీ బ్రౌజర్‌కు గుండెకాయ లాంటి వెబ్‌కిట్, కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం రాసిన కేహెచ్‌టీఎంఎల్ నుంచి పుట్టింది. ప్రింటు ఇచ్చినప్పుడు పనిచేసే కప్స్ ఓపెన్ సోర్సే. మ్యాక్‌ఓఎస్‌కు పునాది అయిన కెర్నల్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థ కోడ్ ఉంది. పనికిరానివైతే ఆపిల్ వీటిని ఎందుకు తీసుకుంటుంది?

భద్రత మీద అనుమానానికి కొంత కారణం లేకపోలేదు. 2024లో లైనక్స్‌లో ఫైళ్ళను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న ప్రోగ్రాంలో జియా టాన్ పేరుతో ఎవరో ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నారు. అప్పటికది ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల్లో జనం వాడే స్థిర వెర్షన్లలోకి చేరలేదు. కోడ్ అందరి ముందూ ఉండబట్టే ఆయన అంత లోతుకు వెళ్ళగలిగారు. మరి సంస్థ చేతిలో ఉంటే తప్పులు జరగవా? 2017 నవంబరులో మ్యాక్‌ఓఎస్ హై సియెరా వెర్షన్‌లో యూజర్ పేరుగా ‘రూట్’ అని కొట్టి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి, మళ్ళీ మళ్ళీ నొక్కితే కంప్యూటర్ మీద సర్వాధికారాలూ వచ్చేసేవి. విషయం బయటపడిన మర్నాడే ఆపిల్ సరిచేసింది, అది మెచ్చుకోవాల్సిందే.

తెలుగు రాదన్న మాట దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లనూ మ్యాక్‌లనూ కుప్పకూల్చింది మన ‘జ్ఞా’ అక్షరమే. దాని మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటే, మెసేజ్ తెరిచిన యాప్ మూసుకుపోయేది. ఆ నెల 19న అప్‌డేట్ వచ్చింది. లైనక్స్‌లో తెలుగు కోసం మనవాళ్ళు చేసిన పని తక్కువేం కాదు. పోతన, వేమన ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా అందరికీ ఇచ్చారు. ఉబుంటు సెట్టింగ్స్‌లో కీబోర్డుకు వెళ్ళి తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కావాలంటే ఐబస్-ఎం17ఎన్ అనే ప్రోగ్రాం ఎక్కించుకోవాలి. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన అనూ ఫాంట్ల ఫైలు చిందరవందరగా కనబడుతుంది, నిజమే. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలవి) కావు కాబట్టి, అవి లేని ఏ కంప్యూటర్‌లోనైనా అంతే.

ఇక పదేళ్ళ హామీ. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో, 2020లో అమ్మిన ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎక్కదు. పాత వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు ఇంకొంత కాలం వస్తాయి, అంతే. ర్యామ్ తర్వాత పెంచుకుందాం అనుకోవడానికీ లేదు, కొన్నరోజు ఎంతుందో ఎప్పటికీ అంతే. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే రకం) ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్ళు ఉచితంగా అప్‌డేట్లు ఇస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ స్లాట్ ఉంటే పెంచుకుని ఇంకా వాడుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ‘ఏ బ్రాంచి అయినా సరే’ అనడం. మెకానికల్ వాళ్ళకు కావలసిన సాలిడ్‌వర్క్స్, సివిల్ వాళ్ళు వాడే రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం చేసినవి, మ్యాక్‌కు వాటి వెర్షన్లే లేవు. లైనక్స్‌కూ లేవు. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే మాత్రం ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లో ఏం వాడతారో సీనియర్లను అడగండి. సీఎస్‌ఈ అయితే ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, లోపలి ఫైళ్ళు చెరిగిపోవు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.