చక్రం కింద రాయికి గుర్తింపు ఏదీ?

1984లో మొదలైన మారుతి ఓమ్నీ వ్యాన్ల తయారీ 2019లో ఆగిపోయింది. వ్యాన్లు మాత్రం ఆగలేదు. ఆగాల్సిన చోట కూడా ఆగడం లేదు. సీట్ల మధ్య హ్యాండ్ బ్రేక్ లివర్ ఉంటుంది, లాగితే లేస్తుంది, అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. దాన్ని వెనక చక్రాల బ్రేకులకు కలిపే కేబుల్, అడుగున తొడుగులోకి నీళ్లు దిగి, తుప్పు పట్టి, ఒక్కో పోగే తెగుతూ ఎప్పుడో రిటైరైపోయింది. కొత్త కేబుల్ వేయించమని కొందరు సలహా ఇస్తున్నారు. ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాలి.

రాయి ఉండగా కేబుల్ దేనికండీ? రాయి తుప్పు పట్టదు, సాగదు. "స్టాక్ లేదు, సోమవారం రండి" అనిపించుకునే పని లేదు. పైగా బండి పూర్తిగా ఆగకముందే దూకి, "రాయి పెట్టరా" అన్న కేకతోపాటే చక్రం కింద చేతులు పెట్టే క్లీనర్ కుర్రాడికి అదే ఉపాధి. పని అయ్యాక ఆ రాయిని నడిరోడ్డు మీదే వదిలి, వెనకొచ్చే స్కూటర్లవాళ్లకు అంకితం చేసి వెళ్తాం. ఇంత ప్రజాసేవ ఏ కేబుల్ చేసింది?

చట్టం ఒప్పుకోదంటారా? కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 96వది చూడండి. కాలి బ్రేకు, పార్కింగ్ బ్రేకు రెండూ దేనికది స్వతంత్రంగా ఉండాలట. రాయికంటే స్వతంత్రమైన బ్రేకు ఎక్కడైనా ఉందా? బండితోనే దానికి సంబంధం లేదు.

ఇక కేబుల్ మార్చడంలో ఉన్న యాతన చూడండి. లివర్ దగ్గర నట్టు వదులు చేయాలి. వెనక చక్రాలు, డ్రమ్ములు ఊడదీయాలి. డ్రమ్ముకి లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూ దగ్గరి చిన్న లివర్ నుంచి కేబుల్ కొస తప్పించాలి. ఈలోగా ఒక స్ప్రింగు ఎగిరిపోతుంది, షెడ్డు మొత్తం వంగి వెతుకుతుంది. కొత్త కేబుల్‌ని పాతది వెళ్లిన దారినే, మెలిక పడకుండా, సైలెన్సర్ గొట్టానికి తగలకుండా తీసుకెళ్లి క్లిప్పులు బిగించాలి. (రెండు క్లిప్పులు మిగలడం మన షెడ్ల ఆచారం.) ముందు షూలు సర్దాకే నట్టు జోలికి పోవాలి. మరీ బిగిస్తే లివర్ దించినా షూలు రాసుకుని డ్రమ్ము కాలిపోతుంది. నాలుగైదుసార్లు గట్టిగా లాగితే కొత్త కేబుల్ కాస్త సాగి కుదురుకుంటుంది. అప్పుడు మళ్లీ ఆ నట్టే.

ఇంతకీ, వెనక చక్రాలు జాకీ మీద లేపేముందు బండి కదలకుండా ముందు చక్రాలకు ఏం అడ్డం పెడతారు? రాయి! కేబుల్ పక్షపాతులు దీనికి సమాధానం చెప్పాలి.

కాబట్టి ఫిట్‌నెస్‌కి బండితోపాటు రాయినీ తెమ్మనాలి. శ్రీశైలం ఘాట్ రోడ్డులో మంచి వాలు చూసి, వ్యాను నిలిపి, రాయి పెట్టి, కింది వైపు నిలబడి పరీక్షించమని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని కోరాలి. ఆయన ఒప్పుకోకపోతే ఓనరు గారు నిలబడతారు. ఆయనకు మోకాళ్ల నొప్పులంటారా, క్లీనర్ కుర్రాడు ఉన్నాడుగా.